సాఫ్టానా, ద్వైపాక్షిక ఒప్పందమా: దక్షిణాసియాకు ఏది మేలు?

దక్షిణాసియా దేశాలు తమలో తాము సుంకాలు తగ్గించుకోవడానికి రెండు దారులు ఎంచుకున్నాయి. మొదటిది సార్క్ (దక్షిణాసియా ప్రాంతీయ సహకార సంఘం) దేశాలన్నీ కలిసి 2004లో ఇస్లామాబాద్‌లో సంతకం చేసిన సాఫ్టా, అంటే దక్షిణాసియా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం. అది 2006లో అమలులోకి వచ్చింది. రెండోది ఏ రెండు దేశాలకు ఆ రెండే మాట్లాడుకుని కుదుర్చుకునే ఒప్పందం. భారత్, శ్రీలంకల మధ్య 1998లో కుదిరి, 2000 మార్చి నుంచి అమలవుతున్న ఒప్పందం ఇందుకు మంచి ఉదాహరణ.

కాగితం మీద సాఫ్టాదే పైచేయి. నియమాలు అందరికీ ఒకటే కాబట్టి నేపాల్, భూటాన్ వంటి చిన్న దేశాలు పెద్ద పొరుగు దేశంతో ఒంటరిగా బేరమాడవలసిన పని లేదు. అయితే ప్రతి దేశమూ తనకు ముఖ్యమనుకున్న సరకులను సున్నిత జాబితాలో చేర్చి రాయితీకి దూరంగా ఉంచింది. దానికి తోడు భారత్, పాకిస్థాన్‌ల వైరం. 2019లో పుల్వామా దాడి తరువాత పాకిస్థాన్ సరకులపై భారత్ 200 శాతం సుంకం విధించింది. అదే ఏడాది ఆగస్టులో పాకిస్థాన్ వాణిజ్యాన్నే నిలిపివేసింది. 2014 కాఠ్మాండూ సమావేశం తరువాత సార్క్ శిఖరాగ్ర సదస్సు జరగనే లేదు. ఈ ప్రాంత దేశాల మొత్తం వాణిజ్యంలో పరస్పర వాణిజ్యం వాటా 5 శాతం దగ్గరే ఆగిపోవడానికి ఈ వైరమొక్కటే కారణం కాకపోయినా, పెద్ద కారణమే.

ఇద్దరే కూర్చుంటే మూడోవారి కోపతాపాలతో పని ఉండదు. చిక్కులు మాత్రం ఉంటాయి. శ్రీలంకలో పామాయిల్‌పై దిగుమతి సుంకం భారత్‌లో కన్నా తక్కువ కావడంతో, అక్కడ ఫ్యాక్టరీలు పెట్టి, ఆ నూనెతో వనస్పతి తయారు చేసి, ఒప్పందం కింద భారత్‌కు పంపడం లాభసాటి వ్యాపారమైంది. ఇక్కడి తయారీదారులు గగ్గోలు పెట్టగా భారత్ పరిమాణంపై పరిమితి పెట్టింది. తప్పు ఒప్పందానిది అనడం కన్నా, సుంకాల తేడాను ముందే లెక్కలోకి తీసుకోని వారిది అనడం న్యాయం. ఏమైనా ఇద్దరి మధ్య పుట్టిన తగాదా ఇద్దరి మధ్యే తేలింది; ఒప్పందం మిగిలింది.

అందుకే సరకుల సుంకాల వరకు ద్వైపాక్షిక మార్గమే మేలని నా అభిప్రాయం. రవాణాకు, విద్యుత్తుకు అది చాలదు. నేపాల్ కరెంటు బంగ్లాదేశ్ చేరాలంటే భారత గ్రిడ్ దాటాలి. మూడు దేశాలూ ఒప్పందం చేసుకున్నాకే 2024 నవంబరులో 40 మెగావాట్ల సరఫరా మొదలైంది. రోడ్డు మీద ఆ సఖ్యత ఇంకా కుదరలేదు. పశ్చిమ బెంగాల్ సరిహద్దులోని పెట్రాపోల్ దాటిన భారత లారీ అవతలి వైపు బేనాపోల్ యార్డులో సరకు దించి వెనక్కి రావలసిందే. అక్కడి నుంచి బంగ్లాదేశ్ లారీ మోస్తుంది. ఈ అవస్థ తప్పించేందుకు 2015లో భూటాన్, నేపాల్‌లను కూడా కలుపుకుని మోటారు వాహనాల ఒప్పందం చేసుకున్నారు కాని, భూటాన్ పార్లమెంటు ఆమోదం దొరకలేదు.

సుంకం సున్నా అయినంత మాత్రాన గేటు తెరిచి ఉంటుందన్న భరోసా కూడా లేదు. సాఫ్టా కింద 2011 నుంచి భారత్ బంగ్లాదేశ్ రెడీమేడ్ దుస్తులను సుంకం లేకుండా రానిస్తోంది. అయినా 2025 మేలో భూమార్గాలు మూసి, కోల్‌కతా, ముంబయి దగ్గరి నావా షేవా ఓడరేవుల ద్వారానే తేవాలంది. పైగా ఆ సున్నా సుంకం ఐక్యరాజ్యసమితి అత్యల్పాభివృద్ధి దేశాల జాబితాలో ఉన్నవాటికి ఇచ్చిన రాయితీ. బంగ్లాదేశ్ ఆ జాబితా నుంచి బయటపడ్డాక అదే వెసులుబాటు కావాలంటే ఢిల్లీతో విడిగా ఒప్పందం చేసుకోవలసిందే. ఆ ఒప్పందంలో సుంకాల పట్టికతో పాటు, ఏ భూమార్గాన్ని ఏ పరిస్థితుల్లో, ఎన్ని రోజుల నోటీసుతో మూయవచ్చో కూడా రాసుకోవాలి.