అమ్మానాన్నలతో కాట్స్‌వోల్డ్: ఎక్కడ ఉండాలి, ఏం చూడాలి

నాన్న మండల పరిషత్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఏ ఊరు తీసుకెళ్లినా ఆయన మొదటి ప్రశ్న ఒకటే: "ఇది ఎవరి కిందకొస్తుంది?" మొన్న మే నెలలో అమ్మానాన్నలు ఇంగ్లండ్‌లో, రెడింగ్‌లోని మా ఇంటికి వచ్చినప్పుడు మూడు రోజులు కాట్స్‌వోల్డ్ వెళ్లాం. ఈసారి ఆ ప్రశ్న బాగానే పనికొచ్చింది.

కాట్స్‌వోల్డ్స్ అంటే కొండల పేరు, అవి చాలా కౌంటీల్లోకి పాకి ఉన్నాయి. ఆన్‌లైన్ లిస్టుల్లో ఒకే గుత్తిగా చూపించే బ్రాడ్‌వే వూస్టర్‌షైర్‌లో, బర్ఫర్డ్ ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో, కాసిల్ కూంబ్ విల్ట్‌షైర్‌లో ఉన్నాయి. ఏకవచనంలో కాట్స్‌వోల్డ్ అంటే మాత్రం గ్లాస్టర్‌షైర్ కౌంటీలోని ఆరు డిస్ట్రిక్టుల్లో ఒకటి. అన్నీ ఒకేసారి చుట్టేద్దామనుకుంటే రోజంతా కార్లోనే గడుస్తుంది. అందుకే మేం ఆ ఒక్క డిస్ట్రిక్టు దాటలేదు. 1,165 చదరపు కిలోమీటర్లు, 90 వేల పైచిలుకు జనం. మన దగ్గర ఓ మాదిరి మునిసిపాలిటీలో ఉండే జనం అంత నేలమీద చెదిరి ఉన్నారన్నమాట.

డిస్ట్రిక్టు అంటే మన జిల్లా అనుకుంటే తికమక తప్పదు. కౌంటీ మన జిల్లా పరిషత్ లాంటిది, డిస్ట్రిక్టు మండల పరిషత్, పారిష్ పంచాయతీ. రోడ్లు, బళ్లు కౌంటీవి. చెత్త, ఇళ్ల ప్లాన్లు, కార్ పార్కులు డిస్ట్రిక్టువి. "అయితే మన ఆఫీసే" అన్నారు నాన్న. సైరన్‌సెస్టర్ పట్టణాన్నీ చుట్టూ ఉన్న నాలుగు రూరల్ డిస్ట్రిక్టులనూ కలిపి 1974 ఏప్రిల్ 1న ఈ డిస్ట్రిక్టును ఏర్పాటు చేశారు. కౌన్సిలర్లు 34 మంది. ఇలా రెండంచెలున్న చోట్ల ఒకే కౌన్సిల్ ఉండేలా మారుస్తామని ప్రభుత్వం 2024 డిసెంబరులో ప్రకటించింది. అది విని నాన్న, "మండలాలు పెట్టినప్పుడు మేం పడ్డ టెన్షన్ వీళ్లకీ మొదలైందన్నమాట" అని నవ్వారు.

మొదటి రాత్రి సైరన్‌సెస్టర్‌లో ఒక చిన్న గెస్ట్‌హౌస్‌లో ఉన్నాం. గది 110 పౌండ్లు, టిఫిన్ కలిపి. అమ్మ శాకాహారి. అడగకుండానే పుట్టగొడుగులు, టమాటాలు వేరే పెనం మీద వేయించి తెచ్చారు. పోస్ట్‌కార్డుల్లో ఈ ఊరు పెద్దగా కనిపించదు కానీ బసకు నా ఓటు దీనికే. డిస్ట్రిక్టు ఆఫీసు ఇక్కడే. సోమ, శుక్రవారాల్లో సంత. రోమన్ల కాలంలో దీని పేరు కొరీనియం, అప్పట్లో బ్రిటన్‌లో లండన్ తర్వాత పెద్ద ఊరు ఇదేనట. ఆనాటి మొజాయిక్ నేలలు కొరీనియం మ్యూజియంలో ఉన్నాయి, రెండు గంటలు కేటాయించండి.

బైబరీ, బోర్టన్ ఆన్ ది వాటర్ అందమైనవే, కాదనను. బైబరీలో ఆర్లింగ్టన్ రో వరస ఇళ్లు 14వ శతాబ్దంలో ఉన్ని దాచే కొట్టుగా కట్టారు, తర్వాత నేతగాళ్ల ఇళ్లయ్యాయి. ఇప్పటికీ లోపల మనుషులు కాపురం ఉంటున్నారు, వాళ్ల కిటికీల ముందు మనం సెల్ఫీలు. అమ్మకి అది నచ్చలేదు, "పాపం, అన్నం కూడా తిననివ్వరు" అంది. బోర్టన్‌లో విండ్రష్ నది మోకాలి లోతు ఉంటుంది, దాని మీద పొట్టి రాతి వంతెనలు. మేం పదకొండింటికి చేరేసరికి కార్ పార్కు నిండిపోయింది. వీధి పక్కన పెడదామనుకున్నా కానీ నాన్న ఆపారు. బోర్డు చదివితే తెలిసింది, కార్ పార్కు డిస్ట్రిక్టుది, వీధి పార్కింగ్ కౌంటీది, రెండింటి రూల్సూ వేరు. ఒకదాని టికెట్ రెండోచోట చెల్లదు. తొమ్మిది లోపు వెళ్లండి, లేదంటే సాయంత్రం ఐదు తర్వాత.

మా అందరికీ నచ్చింది సెజిన్‌కోట్. మోర్టన్ ఇన్ మార్ష్ దగ్గర, చెట్ల మధ్య మలుపు తిరగగానే పచ్చబడిన రాగి గుమ్మటం కనిపిస్తుంది. ఈస్టిండియా కంపెనీలో సంపాదించి తిరిగొచ్చిన చార్లెస్ కాకరెల్ కోసం 1805 ప్రాంతంలో ఆయన అన్న శామ్యూల్ పెపీస్ కాకరెల్ మొగలాయీ పద్ధతిలో కట్టిన ఇల్లు. బయట ఛజ్జాలు (ముందుకు పొడుచుకొచ్చిన చూరులు), చిన్న మినార్లు. లోపలికెళ్తే మాత్రం పూర్తిగా ఇంగ్లిష్ గదులే. తోటలో వాగు మీద వంతెన, దాని గోడ మీద వరసగా నందులు. అమ్మ అలవాటుగా కొమ్ముల మధ్యలోంచి చూడబోయింది. ఎదురుగా శివుడు లేడు, నీళ్లు, పెద్ద ఆకుల మొక్కలు. పైన మడుగు దగ్గర సూర్యుడికో చిన్న గుడి ఉంది. అందులో పూజేం లేదు, అమ్మ మాత్రం చెప్పులు విప్పింది. ఆ డబ్బు ఎక్కడిదో తలుచుకుంటే కొంచెం చేదుగానే ఉంటుంది. అయినా చూడాల్సిన చోటు. వారంలో కొన్ని మధ్యాహ్నాలే తెరుస్తారు, ముందే చూసుకుని వెళ్లండి.

రెండో రాత్రి మాత్రం పొరపాటు చేశాం. బోర్టన్ దగ్గర్లో ఒక కాటేజీ, 210 పౌండ్లు. ఫొటోల్లో ముచ్చటగా ఉంది. దూలం నాన్న నుదుటికి సరిగ్గా తగిలే ఎత్తులో ఉంది. పొద్దున ఉప్మాకి పోపు వేయగానే స్మోక్ అలారం కూసింది, నేను తువ్వాలు విసురుతూ నిలబడ్డా. అది మా తప్పే అనుకోండి. వెళ్లేటప్పుడు ఓనర్ మెసేజ్: చెత్త సంచి ఊళ్లో వీధి డబ్బాలో వేసి వెళ్లండి అని. ఇలా అద్దెకిచ్చే ఇళ్ల చెత్త వ్యాపార చెత్త కింద లెక్క, ఎత్తించే ఏర్పాటు ఓనరే చేసుకోవాలి. ఆ సంగతి చెప్పి సంచి అక్కడే కట్టిపెట్టి వచ్చాం. బుక్ చేసేముందు చెత్త సంగతి తప్పక అడగండి.

స్టో ఆన్ ది వోల్డ్‌లో చలిగాలికి ఎక్కువసేపు నిలబడలేదు. ఒక పల్లెలో టీ కోసం ఆగితే నాన్న పారిష్ కౌన్సిల్ నోటీసు బోర్డు దగ్గర ఇరుక్కుపోయారు. అద్దం వెనక గుండు పిన్నులతో గుచ్చిన ఎజెండా, పోయిన మీటింగ్ మినిట్స్, ఏడాది లెక్కలు. "మీటింగ్‌కి మూడు రోజుల ముందే ఎజెండా పెట్టాలట" అని ఫొటో తీసుకున్నారు. ఆర్లింగ్టన్ రోకి కూడా ఆయన ఫోను తీయలేదు.

చివర్లో కెంబుల్ దగ్గర థేమ్స్ పుట్టే చోటుకి పొలాల్లోంచి నడిచాం. చెట్టు కింద ఒక రాయి, కొన్ని గులకరాళ్లు, నీళ్లు లేవు. చాలామటుకు అలాగే ఉంటుందట. గోదావరి పుట్టే త్రయంబకం చూసొచ్చిన అమ్మకి ఇది ఆనలేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మానేయచ్చు.

కారు లేనివాళ్లకి కెంబుల్, మోర్టన్ రెండు చోట్లకీ లండన్ పాడింగ్టన్ నుంచి రైళ్లున్నాయి. సైరన్‌సెస్టర్‌కి స్టేషన్ లేదు, 1960ల్లోనే మూసేశారు. చెల్ట్‌నమ్ నుంచి బోర్టన్, స్టో మీదుగా మోర్టన్ వెళ్లే 801 బస్సు పనికొస్తుంది, ఆదివారం మాత్రం దాన్ని నమ్ముకోకండి.