స్పార్క్ ప్లగ్గులు మారిస్తే మైలేజీ పెరుగుతుందా? 90 వేల కిలోమీటర్ల తర్వాత చెబుతున్నా

నాది నాలుగు సిలిండర్ల పెట్రోలు కారు. కొత్తలో లీటరుకు 16 ఇచ్చేది, 58 వేలు తిరిగేసరికి 12కి దిగింది. ఎవరిని అడిగినా ఒకటే మాట: "ప్లగ్గులు మార్చెయ్, ఇరిడియం వెయ్." అంటే కొనకి ఇరిడియం అనే గట్టి లోహం ఉన్నవి. వేశాను. ఇప్పుడు మీటరు లక్షా 48 వేల దగ్గరుంది, ప్లగ్గులు అవే. బాగున్నాయి. కానీ మైలేజీ కోసమే వీటిని కొనేవాళ్లు కాస్త ఆగండి.

పాత నికెల్ ప్లగ్గులు విప్పి ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకులు) పెట్టి చూశాను. నిప్పు దూకే సందు, అంటే గ్యాప్, ఉండాల్సింది 1.1 మి.మీ. నాలుగింటిలో ఒక్కటీ 1.4కి తక్కువ లేదు. గ్యాప్ పెరిగేకొద్దీ ప్లగ్‌కి కరెంటు ఇచ్చే కాయిల్ ఎక్కువ వోల్టేజీ ఇవ్వాలి. బండి లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఒక్కోసారి నిప్పు పుట్టదు. అప్పుడు వాడని ఆక్సిజన్ అలాగే సైలెన్సర్ వైపు పోతుంది. అక్కడి సెన్సర్ దాన్ని చూసి పెట్రోలు చాలడం లేదనుకుంటుంది, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) ఇంకాస్త పోస్తుంది. తప్పు నిప్పుది, జరిమానా పెట్రోలుకి.

కొత్తవి బిగించాక పొద్దుటి స్టార్టింగ్ ఒక్క తిప్పుకే అందుకుంది, ఐడిలింగ్‌లో స్టీరింగ్ వణుకు పోయింది. మైలేజీ మాత్రం ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకుకి మూడుసార్లు లెక్క కట్టినా 13. పెరిగింది ఒక్క కిలోమీటరే!

మిగతా మూడు ఎక్కడికి పోయాయో పాత ప్లగ్గుల మొహం మీదే రాసి ఉంది, నేనే ఆలస్యంగా చదివాను. ఆరోగ్యంగా ఉన్న ప్లగ్ కొన లేత గోధుమ రంగులోనో బూడిద రంగులోనో ఉంటుంది. నూనె తడి కనిపిస్తే పిస్టన్ రింగుల్నో వాల్వ్ సీళ్లనో అనుమానించాలి. తెల్లబారి బొబ్బలెక్కితే మరీ వేడెక్కుతోందని. నావి నాలుగూ ఒకే తీరుగా, కాటుక పట్టినట్టు పొడి మసితో ఉన్నాయి, అంటే పెట్రోలు ఎక్కువ పడుతోందని. ఒక్కదానికే మసి ఉంటే ఆ సిలిండర్‌లో ఇంజెక్టరో కాయిలో చూసుకోవాలి. నాలుగింటికీ ఉందంటే రోగం ఉమ్మడిది.

తీరా చూస్తే థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా రేడియేటర్‌కి నీళ్లు పోనివ్వని వాల్వ్) తెరుచుకుని అలాగే ఇరుక్కుపోయింది. టెంపరేచర్ ముల్లు సగం దాకా ఎప్పుడూ రాకపోతే, ఇంజిన్ చల్లగా ఉంది కదా అని నేను మురిసిపోయేవాణ్ణి. ఇంజిన్ ఇంకా వేడెక్కలేదనుకుని ఈసీయూ దారిపొడవునా పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉందన్నమాట. పైగా ప్లగ్ కొన 450 డిగ్రీలు దాటితే గానీ తన మసి తాను కాల్చుకోలేదు. థర్మోస్టాట్ మార్చాక మైలేజీ 15కి వచ్చింది, ఇప్పటికీ అక్కడక్కడే ఉంది.

ఈలోగా ఒక మెకానిక్ "మసి పడుతోందిగా, ఒక నంబరు వేడి ప్లగ్ వేద్దాం" అన్నాడు, అంటే కొన వేడిని ఎక్కువ పట్టి ఉంచే రకం. ఒప్పుకోకపోవడం మంచిదైంది. కొన మరీ వేడెక్కితే స్పార్క్ రాకముందే మిశ్రమం అంటుకుని పిస్టన్‌కే ముప్పు. ఈ నంబర్ల విషయంలో ఇంకో తిరకాసు ఉంది. ఎన్‌జీకే, డెన్సోల్లో అంకె పెరిగితే చల్లటి ప్లగ్, బాష్‌లో అంకె పెరిగితే వేడిది. కంపెనీ మారేటప్పుడు అంకె చూసి కొనకండి, కంపెనీ ఇచ్చే సమాన నంబర్ల పట్టిక చూడండి. ఉదాహరణకు బీకేఆర్6ఈ-11 అనే ఎన్‌జీకే ప్లగ్‌లో 6 వేడి అంకె, ఆర్ అంటే రెసిస్టర్ ఉన్నదని, చివరి 11 అంటే గ్యాప్ 1.1 మి.మీ. ప్లగ్ మీది మరల (థ్రెడ్ల) పొడవు కూడా మాన్యువల్‌లో చెప్పిందే ఉండాలి. మరీ పొడవైతే పిస్టన్‌కి తగలొచ్చు.

మరి ఇరిడియం ఎందుకంటే, అరుగుదల కోసం. నికెల్ 1455 డిగ్రీల దగ్గర కరిగితే ఇరిడియం కరగడానికి 2400 డిగ్రీలు దాటాలి. అందుకే కొనను 0.6 మి.మీ. సన్నగా చేసినా నిలుస్తుంది. మొన్న విప్పి చూస్తే గ్యాప్ 1.2 కూడా దాటలేదు. నికెల్ అయితే ఈపాటికి రెండోసారి మార్చేవాణ్ణి. అయితే రెండు ప్లగ్గులకు ఒకే కాయిల్ ఉన్న బండైతే, సగం ప్లగ్గుల్లో స్పార్క్ ఎదురు దిశలో దూకి, నడిమి కొనకి ఎదురుగా ఉండే పక్క ఎలక్ట్రోడ్‌ని తినేస్తుంది. అలాంటి బండికి ఆ వైపు కూడా ప్లాటినం ఉన్నవే తీసుకోవాలి. నా బండిలో దేని కాయిల్ దానిదే కాబట్టి ఆ బెడద లేదు.

బిగించేటప్పుడు ఇంజిన్ చల్లారాలి, మొదటి చుట్లు చేత్తోనే తిప్పాలి. వాషర్ ఉన్న 14 మి.మీ. ప్లగ్‌కి అల్యూమినియం హెడ్‌లో 25 నుంచి 30 న్యూటన్ మీటర్ల టార్క్ చాలు. ఇరిడియం కొన మీద నాణెం లాంటి గ్యాప్ గేజ్ పెట్టి నొక్కొద్దు, విరుగుతుంది. నేను కింద పడేసిన ఒక ప్లగ్‌ని వేయబుద్ధి కాక పక్కన పెట్టి ఇంకోటి కొన్నాను.

మొన్న విప్పినప్పుడు మూడు గోధుమ రంగులోనే ఉన్నాయి. మూడో సిలిండర్‌ది మాత్రం మరల దగ్గర కాస్త నూనెతో మెరుస్తోంది. అందుకే కొత్త సెట్టు కొనే ముందు కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్‌లో ఒత్తిడి సరిగా నిలుస్తోందో లేదో చూసే పరీక్ష) చేయించబోతున్నా.