పోలండ్‌లో ఎనిమిది రోజులు, ఒక చామంతి కుండీ

అక్టోబరు చివర పోలండ్‌లో దిగేనాటికి నేను ఇంట్లో కూర్చుని ఏడాది పాటు పోలిష్ నేర్చుకున్నానే తప్ప, ఆ భాష మాట్లాడే మనిషి నాకు ఎన్నడూ ఎదురుపడలేదు. అందువల్ల ఈ ప్రయాణంలో బసలనూ భోజనాలనూ నేను ఒకే కొలతతో తూచాను: అక్కడ నా చేత నాలుగు పోలిష్ మాటలు పలికించారా, లేదా?

ఆ లెక్కన వార్సాలోని మా హోటల్‌కు సున్నా మార్కులే. గది శుభ్రంగా ఉంది, ఉదయపు ఫలహారానికి లోటు లేదు; కానీ నేను నోరు తెరిచేలోపే ఇంగ్లీషులో జవాబు వచ్చేది. రెండో ప్రపంచ యుద్ధంలో నేలమట్టమై, పాత చిత్రపటాల సాయంతో మళ్లీ లేచిన అక్కడి పాతపట్టణం మాత్రం తప్పక చూడదగినది.

అసలు పాఠం రైల్వే టికెట్ కిటికీ దగ్గర మొదలైంది. ఒక టికెట్టయితే 'బిలెత్', రెండు నుంచి నాలుగు దాకా 'బిలెతీ', అయిదు నుంచి 'బిలెతుఫ్'. డు ము వు లు వల్లించిన మనకు వారి ఏడు విభక్తులు భయపెట్టనక్కరలేదనుకున్నాను గానీ, మన 'కు', 'లో' ఏ మాటకైనా ఇంచుమించు ఒకే తీరున అతుకుతాయి, వారి ప్రత్యయాలు లింగాన్నీ వచనాన్నీ బట్టి రూపు మార్చుకుంటాయి. ఊరి పేరు కూడా నిలకడగా ఉండదు: ఊరు 'క్రాకుఫ్', ఊళ్లో అనాలంటే 'ఫ్ క్రాకోవియె'.

రెండున్నర గంటల రైలు ప్రయాణం తర్వాత ఆ క్రాకుఫ్‌లో, ఒకప్పటి యూదుల పేట కాజిమియెష్‌లో, ఒక పెద్దావిడ ఇంటి గదిలో దిగాము. లిఫ్టు లేదు, మెట్లు నిటారు, వేడినీళ్లు ఆలస్యం. అయినా నా ఓటు ఈ బసకే. మావారు గుమ్మం బయటి నుంచి కరచాలనానికి చేయి చాపితే ఆవిడ అందుకోలేదు, గడప దాటి లోపలికి వచ్చాకే అందుకున్నారు. తర్వాత బూట్లు విప్పించి ఇంట్లో తొడుక్కునే చెప్పులు ఇచ్చారు. గడప మీదుగా ఇచ్చిపుచ్చుకోవద్దనే ఇంట్లో పెరిగినదాన్ని కనుక నాకు వింత అనిపించలేదు.

భోజనానికి 'బార్ మ్లెచ్‌నీ'కే ఎక్కువసార్లు వెళ్లాము. 'పాల బారు' అని అర్థం, నిజానికి అది స్వయంగా వడ్డన అందుకునే భోజనశాల. మొదటిది 1896లో వార్సాలో తెరిచారట, నేటికీ వీటికి ప్రభుత్వం రాయితీ ఇస్తుంది. గోడమీది పట్టీ చదువుకుని, కౌంటరులో డబ్బు కట్టి, కిటికీ దగ్గర పళ్లెం అందుకుని, తిన్నాక మనమే తిరిగి ఇవ్వాలి. బంగాళదుంప, విరిగిన పాల ముద్ద కూరిన 'పియెరోగి రుస్కియె' అనే కజ్జికాయల్లాంటివి శాకాహారులకు సరిపోతాయి. అయితే పైన వేయించిన పందికొవ్వు ముక్కలు చల్లే అలవాటుంది కాబట్టి 'బెజ్ స్క్వారెక్' అని ముందే చెప్పాలి. వడ్డించే ఆవిడ ఒక్కసారీ నవ్వలేదు, కానీ నన్ను 'నువ్వు' అని గాని 'మీరు' అని గాని అనకుండా, 'పానికి (అమ్మగారికి) ఏం కావాలి?' అంటూ ప్రథమ పురుషలోనే పలకరించింది. అక్కడి మర్యాద ముఖంలో కాక వ్యాకరణంలో ఉంటుందని అప్పుడు గ్రహించాను. మరుగుదొడ్డి తలుపుపై త్రికోణం మగవారికి, వృత్తం ఆడవారికి; ఇది తెలియక మావారు కాసేపు తికమకపడ్డారు.

క్రాకుఫ్ దగ్గరి వియెలిచ్కా ఉప్పుగనిలో, నేలకు 101 మీటర్ల లోతున ఉప్పులో తొలిచిన కింగా ప్రార్థనాలయం అద్భుతం. గైడు వెంట గుంపుగా నడవాలి గనుక ఎక్కడా తనివితీరా నిలబడనివ్వరు.

అక్టోబరు 31న వీధులనిండా చామంతి కుండీలు కనిపించాయి. మరునాడు సర్వ పునీతుల పండుగ సెలవు, దుకాణాలు మూస్తారని పాలూ రొట్టే కొంటూ, ఇంటావిడకు కానుకగా ఒక పచ్చ చామంతి కుండీ తెచ్చాను. ఆవిడ ఒక్క క్షణం ఆగి, "ఇవి సమాధులకండీ" అన్నారు. పూజకూ జడకూ చామంతి వాడే ఊరి నుంచి వచ్చానని నాకు వచ్చిన పోలిష్‌లో చెప్పబోయి, మూడు విభక్తులు తప్పాను. ఆవిడ వాటిని దిద్ది, నవ్వి, మర్నాడు ఆ కుండీతోనే మమ్మల్ని రాకోవిత్స్కీ శ్మశానానికి వెంటబెట్టుకెళ్లారు. ఆ రోజుకని ప్రత్యేకంగా వేసిన ట్రాములో నిలబడడానికి చోటు లేదు. చీకటి పడేసరికి ప్రతి సమాధిమీదా గాజు బుడ్లలో దీపాలు వెలిగాయి. ఆవిడ తన భర్త సమాధి దగ్గర చామంతులు పెట్టి, నా చేతికి అగ్గిపెట్టె ఇచ్చారు.