లేసు కట్టే పని లేని బూట్లు: డయలా, ఎలాస్టిక్కా? మన ఉప్పుగాలికి ఏది మేలు?

పొద్దున విశాఖ బీచ్ రోడ్డులో నడిచేవాళ్లు, వంగి లేసు కట్టుకోలేని అమ్మానాన్నల కోసం వెతుకుతున్న పిల్లలు ఈ మధ్య ఒకటే అడుగుతున్నారు: డయల్ తిప్పి బిగించే షూ కొనుక్కోమంటారా, ఉన్న షూకే ఎలాస్టిక్ లేసు వేసుకోమంటారా? దానంతటదే బిగుసుకునే మోటారు షూ సంగతేమిటని కుర్రాళ్ల ప్రశ్న.

లేసు మాటిమాటికీ ఊడిపోతోందన్న ఒక్క కారణంతోనే ఇటు చూస్తున్నవాళ్లు డబ్బు పెట్టే ముందు తమ ముడి చూసుకోవాలి. ముడిలోని రెండు చెవులూ పాదానికి అడ్డంగా, కుడికొకటి ఎడమకొకటి పడుకుని ఉంటే అది నిలిచే ముడి. ఒకటి వేళ్ల వైపు, ఇంకోటి చీలమండ వైపు తిరిగి నిలువుగా ఉంటే అది ఊడే ముడి. మొదటి మెలికలో కుడి లేసు పైనుంచి వేస్తుంటే ఇకనుంచి కిందనుంచి వేయండి, మిగతాదంతా మామూలే. 2017లో బర్‌క్లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ ఇంజనీర్లు దీన్ని కొలిచి చూశారు. పరుగెత్తేటప్పుడు పాదం నేలకు తగిలే దెబ్బ భూమ్యాకర్షణకు దాదాపు 7 రెట్లు ఉంటుంది. ఆ దెబ్బకి ముడి వదులవుతుంది, గాల్లో కొట్టుకునే లేసు కొసలు దాన్ని లాగేస్తాయి. చాలామందికి ఈ మెలిక మార్చుకుంటే చాలు, కొత్త షూ అక్కర్లేదు.

అసలు ప్రశ్నకి వస్తే, బిగించడం వేరు, సర్దుకోవడం వేరు. షాపులో అమ్మేవాళ్లు రెండింటినీ కలిపి చెప్పేస్తారు. కాలు దూర్చగానే గబుక్కున బిగుసుకోవడం ఒక పని. పొద్దున వేసుకున్న షూలో మధ్యాహ్నానికి పాదం ఉబ్బితే ఆ మేరకు వదలడం, సాయంత్రం మళ్లీ పట్టుకోవడం రెండో పని. మే నెల ఉక్కలో రోజంతా నిలబడే డ్యూటీ చేసేవాళ్లకి రెండోదే ముఖ్యం. పాదం సాయంత్రానికి పెద్దదవుతుంది కాబట్టే షూ సాయంత్రం పూట కొనమంటారు. డయల్ మొదటి పనిలో గట్టిది. రెండో పని ఎలాస్టిక్ ఏ యంత్రమూ లేకుండా తనంతట తానే చేస్తుంది.

డయల్ షూలో లేసు బదులు సన్నని స్టీలు తీగ గానీ గట్టి దారం గానీ ఉంటుంది. ఎక్కువ బ్రాండ్లు వాడేది బోవా వాళ్ల డయల్. అమెరికాలో కొలరాడోలో గ్యారీ హామర్‌స్లాగ్ 2001లో స్నోబోర్డు (మంచు మీద జారే పలక) బూట్ల కోసం మొదలుపెట్టిన కంపెనీ అది. తిప్పి బిగించే ఆలోచన అంతకుముందే ఉంది, పూమా 1991లోనే డిస్క్ షూ తెచ్చింది. వాడకం తేలిక: డయల్‌ని లోపలికి నొక్కాలి, టిక్ టిక్ మంటూ ముందుకి తిప్పాలి, తీసేటప్పుడు పైకి లాగితే మొత్తం ఒక్కసారే వదులవుతుంది.

కొనేముందు షాపులోనే చూడాల్సింది ఒకటుంది. కొన్ని డయళ్లు వెనక్కి తిప్పితే ఒక్కో క్లిక్ వదులవుతాయి. కొన్ని అలా కావు, కాస్త వదులు కావాలన్నా పైకి లాగి మొత్తం వదిలి మళ్లీ మొదట్నుంచి తిప్పుకోవాల్సిందే. ఎక్కేటప్పుడు మడమ కదలకుండా, దిగేటప్పుడు వేళ్లు ముందుకి గుద్దుకోకుండా బిగువు మార్చుకోవాల్సిన కంబాలకొండ దారుల్లో ఈ తేడా బాగా తెలుస్తుంది. వెనక్కి తిరిగే డయల్ ఉన్నదే తీసుకోండి.

రెండో సంగతి ఇంకా లోతైనది. మామూలు లేసు ప్రతి కన్నంలోనూ గుడ్డకి రాసుకుంటూ ఆగుతుంది. అందుకే వేళ్ల దగ్గర వదులుగా, చీలమండ దగ్గర గట్టిగా కట్టుకోగలం. డయల్ తీగ నున్నగా జారుతుంది కాబట్టి బిగువు ఒక చోట ఆగకుండా తీగ పొడవునా పాకుతుంది. మీగాలు మీద ఒత్తిడి సమానంగా పడటం ఇందువల్లే, అది మంచిదే. కానీ ముందు వెడల్పుగా, మడమ సన్నగా ఉన్న పాదానికి ఒక్క డయల్ ఉన్న షూలో ఎంత తిప్పినా కుదరదు. మడమ పట్టుకునేసరికి ముందు భాగం నొక్కేస్తుంది. అలాంటివాళ్లకి రెండు డయళ్లున్నది కావాలి, లేదా మామూలు లేసే మేలు.

ఇక మన ఊరి సంగతి. నా లెక్కలో తేల్చేది ఇదే. డయల్ లోపల పళ్ల చక్రం, తీగ చుట్టుకునే చిన్న రాట్నం ఉంటాయి. రుషికొండ ఇసుకలో నాలుగు అడుగులు వేస్తే చాలు, రేణువులు అందులో దూరతాయి. చెవితోనే పట్టుకోవచ్చు: శుభ్రంగా ఉన్న డయల్ టిక్కుటిక్కుమంటుంది, ఇసుక పడ్డది గరగరలాడుతుంది. అప్పుడు బలంగా తిప్పితే పళ్లు అరుగుతాయి. డయల్‌ని పైకి లాగి, తీగని పూర్తిగా వదులు చేసి, గోరువెచ్చని మంచినీళ్లలో ముంచి అటూ ఇటూ ఆడించి నీడలో ఆరబెట్టాలి. కుట్టు మిషన్ నూనె మాత్రం వేయకండి, తర్వాత వచ్చే ఇసుకని అదే పట్టి ఉంచుతుంది. తీగ స్టెయిన్‌లెస్ అయినా మెలికల సందుల్లో ఉప్పు చేరుతుంది. ముందుగా తెగేది వంపు తిరిగే చోట, అంటే తీగ దూరే గుడ్డ కన్నం లోంచి బయటికొచ్చే దగ్గర. అక్కడ వేలితో తడిమితే చురుక్కుమని గుచ్చుకున్న రోజే తీగ మార్చుకోవాలి. పూర్తిగా తెగాక బిగించే దారే ఉండదు.

మార్చడం కష్టం కాదు, వస్తువు దొరకడమే కష్టం. తీగ, డయల్ కలిపి రిపేర్ కిట్‌గా ఇస్తారు. అయితే మీ మోడల్‌కి సరిపోయేదే తెప్పించుకోవాలి, పూర్ణా మార్కెట్ దగ్గర చెప్పులు కుట్టే ఆయన దగ్గర దీనికి మందు లేదు. కిట్ వచ్చేదాకా ఆ షూ మూలన ఉండాల్సిందే. కొన్ని డయళ్లు రాయికి గట్టిగా తగిలితే విరక్కుండా ఊడొచ్చేలా చేస్తారు. అలా ఊడితే పారేయకండి, సరిగ్గా పెట్టి నొక్కితే మళ్లీ కూర్చుంటుంది.

ఎలాస్టిక్ లేసు ఏ షూకైనా వేసుకోవచ్చు. తొందరపడి వేస్తేనే పాడవుతుంది. పాత లేసు తీసి, కింది కన్నాల నుంచి అదే వరసలో ఎక్కించండి. పైన ఒక కన్నం ఖాళీగా వదిలితే కాలు దూర్చడం తేలిక. ముడి బదులు లేసుని పట్టి ఉంచే లాక్ పెట్టి, షూ వేసుకుని, కూర్చుని కాదు, లేచి నిలబడి బిగువు చూడాలి. ఒంటి బరువు పడ్డాకే పాదం పూర్తిగా పరుచుకుంటుంది. మడమ లేవకూడదు, లేసు కింద చూపుడు వేలు దూరాలి. కొసలు వెంటనే కత్తిరించకండి, రెండు రోజులు అలాగే నడవండి. షూ విప్పిన పది నిమిషాలకి కూడా మీగాలు మీద ఎర్రగీతలు పోకపోతే బిగువెక్కువైనట్టు, ఒక సెంటీమీటరు వదలండి. కుదిరాక లాక్ దాటి 4 సెం.మీ. ఉంచి కత్తిరించండి. లోపలి రబ్బరు పోగులు వెనక్కి జారిపోకుండా కొస క్లిప్పు గట్టిగా నొక్కండి.

లాక్‌లో రెండు రకాలున్నాయి. నొక్కితే జారే ప్లాస్టిక్ లాక్‌లో చిన్న స్టీలు స్ప్రింగు ఉంటుంది. సముద్రం పక్కన ఉప్పుగాలికి అది తుప్పు పడుతుంది. లేసు మీద గోధుమరంగు మరక కనబడితే స్ప్రింగు పోతున్నట్టే. రెండోది మరలు తిప్పి మూసే లోహపు గొట్టం. దీంట్లో స్ప్రింగు లేదు, కానీ నడకకి మర వదులై ఎక్కడో పడిపోతుంది. మర మీద ఒక చుక్క గోళ్ల రంగు వేసి తిప్పితే ఆగుతుంది. తీయాలంటే కాస్త బలం పెడితే వచ్చేస్తుంది. బీచ్ పక్కన ఉండేవాళ్లకి ఈ రెండోదే చెబుతాను.

ఎలాస్టిక్ పనికిరాని చోట్లూ ఉన్నాయి. బ్యాడ్మింటన్‌లో పక్కకి దూకి ఆగినప్పుడు లేసు సాగుతుంది, పాదం షూలోనే పక్కకి జారుతుంది, చీలమండ మెలిక పడేది అప్పుడే. ఆ ఆటలకి, కొండ దిగడానికి, సైకిల్‌కి డయల్ గానీ మామూలు లేసు గానీ ఉండాలి. స్టీల్ ప్లాంటులో, పోర్టులో డ్యూటీ చేసేవాళ్లు ఐఎస్ 15298 (సేఫ్టీ బూట్ల భారత ప్రమాణం) గుర్తున్న షూకి సొంతంగా ఎలాస్టిక్ వేయకండి. నిప్పురవ్వ పడితే రబ్బరు కరుగుతుంది. వేడి లోహం చిందే చోట ఒక్క లాగుతో ఊడిపోయే బూటే కావాలి. అది కంపెనీ అలా తయారు చేసిందై ఉండాలి, మనం మార్చుకున్నది కాదు.

డయల్, ఎలాస్టిక్ రెండింటిలో నడకకి, ఆఫీసుకి, రోజుకి పదిసార్లు గుమ్మం దగ్గర విప్పి వేసుకునే మన అలవాటుకి ఎలాస్టిక్కే మేలంటాను. గుడి ముందైనా, ఇంటి ముందైనా వంగే పని లేదు. పాడైతే లేసు ఒక్కటే పోతుంది, షూ నిలుస్తుంది. చేతివేళ్లలో బలం లేక, మడమ మాత్రం గట్టిగా పట్టుకోవాల్సినవాళ్లకి డయల్ తీసుకోండి.

మోటారు షూ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. నైకీ 2016లో హైపర్‌అడాప్ట్‌ని 720 డాలర్లకి అమ్మింది. మడమ తగలగానే సెన్సర్ పట్టుకుని మోటారు బిగించేది. 2019లో వచ్చిన బాస్కెట్‌బాల్ షూ అడాప్ట్ బీబీని ఫోన్ యాప్‌తో ముడిపెట్టారు. ఆ ఫిబ్రవరిలోనే ఆండ్రాయిడ్ ఫోన్ నుంచి అప్‌డేట్ చేసుకున్న కొందరి షూలలో మోటారు పనిచేయడం మానేసింది. 2024 ఆగస్టులో యాప్‌నే యాప్ స్టోర్ల నుంచి తీసేశారు. షూ మీది బటన్లు పనిచేస్తాయి గానీ, అడుగు బాగానే ఉన్నా బ్యాటరీ ముసలిదైతే ఆ షూ పని అయిపోయినట్టే. పైగా చెమట, తేమ, ఛార్జింగ్. మన ఊరికి వద్దు.

వెల్‌క్రోని చిన్నచూపు చూడకండి. ఉత్తరేణి గింజలు పంచెకి అంటుకున్నట్టు, తన కుక్క బొచ్చుకి అంటుకున్న ముళ్లకాయల్ని 1941లో చూసి జార్జ్ డి మెస్ట్రల్ అనే స్విస్ ఇంజనీరు కనిపెట్టింది ఇది. 1955లో పేటెంటు వచ్చింది. షుగరు ఉండి పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకి నా మొదటి సలహా ఇదే. షూ నొక్కుతున్నా వాళ్లకి తెలియదు, అందుకే దానంతటదే బిగుసుకునేది ఏదీ వాళ్లకి వేయకూడదు. వాపుని బట్టి పట్టీ తీసి కంటితో చూసి పెట్టుకోవాలి, రాత్రి పాదాల్ని వెలుతురులో చూసుకోవాలి. వెల్‌క్రో పట్టు తగ్గితే ముందు కొక్కేల వైపు చూడండి, ఇసుక, వెంట్రుకలు, నూలు పోగులు నిండి ఉంటాయి. పాత టూత్ బ్రష్‌తో అడ్డంగా గీకి, మొండివాటిని సూదితో లాగేస్తే చాలాసార్లు పట్టు తిరిగొస్తుంది. మెత్తని వైపు నూగు అరిగిపోతే మాత్రం మార్చాల్సిందే. 2.5 సెం.మీ. వెడల్పు పట్టీ తీసుకెళ్తే చెప్పులు కుట్టే ఎవరైనా కుట్టి ఇస్తారు. అంటించమనకండి, తేమకి జిగురు ఊడిపోతుంది.

బూట్లు వదిలి, ఇలాగే బిగించుకునే మిగతావాటికి వస్తే, బెల్టుల్లో కన్నాలు లేని, వెనక పళ్ల పట్టీ ఉండే ఆటో లాక్ రకం మంచిదే. కన్నాల బెల్టులో ఒక్కో మెట్టు సుమారు 2.5 సెం.మీ., దీంట్లో అర సెంటీమీటరు పైచిలుకు. భోజనం తర్వాత ఒక మెట్టు వదులుకోవచ్చు. ఆ పళ్ల పట్టీ అరిగితే జారడం మొదలవుతుంది.

హెల్మెట్ పట్టీ దగ్గర మాత్రం నేను పట్టీని రెండు రింగుల్లోంచి దూర్చి లాగే పాత పద్ధతి వైపే. లాగిన ప్రతిసారీ గడ్డానికి కొత్తగా కొలత తీసుకుంటుంది, తుప్పు పట్టి ఆగిపోయే స్ప్రింగు లేదు. టక్కున బిగిసే పళ్ల బకిల్ ఉన్నవాళ్లు దాని మీద భారం వేసి ఊరుకోకూడదు. పట్టీ పొడవు పక్కనున్న జారుడు ముక్కతో కుదురుతుంది, అది నెమ్మదిగా జారుతూ ఉంటుంది. నెలకోసారి బకిల్ పెట్టి, గడ్డం కింద రెండు వేళ్లే పడుతున్నాయో లేదో చూసుకోండి. తర్వాత హెల్మెట్‌ని వెనకనుంచి పట్టుకుని ముందుకి దొర్లించండి. ఊడొస్తే పట్టీ పొట్టి చేయాలి.