పత్తి ఉంచాలా, పీకి పల్లి పెట్టాలా?

నవంబర్ మొదటి వారం వచ్చిందంటే పాలమూరు, నాగర్‌కర్నూల్, వనపర్తి, దేవరకొండ వైపు ప్రతి ఊర్లో ఇదే ముచ్చట. చేలో పత్తి ఒక ఏరుడు అయిపోయింది, కొన్నిచోట్ల రెండోది నడుస్తోంది. చెట్టు మీద ఇంకా కాయ ఉంది. పక్క చెల్కలో (ఎర్రటి తేలిక నేలలో) ఒకరు పత్తి కట్టె పీకి దుక్కి దున్నుతున్నారు. మనమూ పీకి పల్లి (వేరుశనగ) విత్తాలా, సంక్రాంతి దాకా పత్తే ఉంచాలా?

2025లో అక్టోబర్ 28 రాత్రి ఆంధ్ర తీరం దాటిన మోంథా తుపాను వల్ల ప్రశ్న ఇంకా చిక్కుపడింది. మరునాడు నల్లగొండ, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో కురిసిన కుండపోతకు పగిలిన పత్తి చెట్టు మీదే తడిసి ముద్దయింది. కొన్ని చేలలో గింజ కాయలోనే మొలకెత్తింది. నైరుతి మామూలుగా అక్టోబర్ నడుమకల్లా మనల్ని విడిచిపోతుంది. ఆ తర్వాత పడేదంతా బంగాళాఖాతం వాయుగుండాల పుణ్యమే, దాన్ని నమ్ముకుని పంట వేయలేం. కానీ పడ్డ వాన బోర్లలోకి దిగింది. అందుకే పల్లి మీద ఆశ కూడా పెరిగింది. ఆ ఆశే కొంచెం ప్రమాదం, ఎందుకో కింద చెప్తాను.

ముందు పత్తి సంగతి. చెట్టు పచ్చగా ఉందా, పూత ఉందా అని చూసి నిర్ణయిస్తే తప్పు లెక్క వస్తుంది. పువ్వు కాయై పగలడానికి మామూలుగా 45–50 రోజులు పడుతుంది, చలి రోజుల్లో 55 దాటుతుంది. అంటే ఈ వారం పూసిన పువ్వు పత్తి అయ్యేది డిసెంబర్ ఆఖరుకు. కాబట్టి పూతను, గోలీకాయ అంత పిందెను లెక్కలోంచి తీసేయాలి. బొటనవేలు నొక్కితే గట్టిగా తగిలే పచ్చి కాయనే లెక్కపెట్టాలి. చేను నాలుగు మూలలా, నడుమా కలిపి ఇరవై చెట్లు చూసి సగటు తీయండి. గట్టు పక్క చెట్లు వద్దు, అవి ఎప్పుడూ బలంగానే ఉంటాయి.

90×60 సెంటీమీటర్ల దూరంలో పెట్టిన చేలో ఎకరాకు లెక్క ప్రకారం 7,400 మొక్కలు, నిలిచేవి 6,500 అనుకుందాం. చెల్కలో కాయకు 4 గ్రాముల పత్తి. చెట్టుకు పది గట్టి కాయలుంటే 260 కిలోలు. ఇందులో కాయ లోపల దూరి తినే గులాబీ రంగు పురుగు వాటా మూడో వంతు పోతే 170 కిలోలు మిగులుతుంది. ఆఖరి ఏరుడు పత్తికి క్వింటాకు 7,000 పట్టుకున్నా 11,900 రూపాయలు. ఏరుడు కూలి కిలోకు 15 చొప్పున 2,550, రెండు మందు దఫాలకు 3,000 తీసేస్తే చేతికి వచ్చేది ఆరు వేల చిల్లర. అదే చెట్టుకు 25 గట్టి కాయలుంటే, నాలుగో వంతు పురుగుకు పోయినా 490 కిలోలు దక్కుతుంది, ఖర్చులు పోను 24,000 దాకా మిగులుతుంది. జూన్ మొదట్లో విత్తిన చేను ఇప్పటికి 150 రోజులు దాటింది, దానిలో పది కాయలే కనిపిస్తాయి. జులైలో తిరగవిత్తిన చేను ఇంకా 110–120 రోజుల పంట, దానిలో పాతికా ముప్ఫై ఉంటాయి. రెంటికీ ఒకే జవాబు చెప్పడం కుదరదు.

2025-26కి పొడవు పింజ పత్తి మద్దతు ధర 8,110, మధ్యస్థం 7,710. ఆ ధరను మొత్తం పత్తికి వేసి లెక్క కట్టుకోకండి. సీసీఐ (కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) 8 శాతం తేమ దాకే పూర్తి ధర ఇస్తుంది, 12 దాకా శాతానికి శాతం కోత పెడుతుంది, దాటితే వెనక్కి పంపుతుంది. దీనికి తోడు సీసీఐకి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ దొరకాలి. తుపానుకు తడిసి రంగు మారిన పత్తిని మంచి పత్తితో కలిపితే మొత్తం లోడు ధర పడిపోతుంది. వేరే ఏరి, వేరే ఎండబెట్టి, వేరే అమ్ముకోవడమే. ఇప్పటినుంచి మంచు ఎక్కువ కాబట్టి పొద్దున పది దాటాకే చేలోకి దిగాలి. పొద్దున్నే ఏరితే బస్తా బరువు తూగుతుంది, యార్డులో ఆ బరువే మనకు ఎదురు తిరుగుతుంది.

గులాబీ పురుగు సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే పైకి కాయ నున్నగా కనిపిస్తుంది. ఇరవై పచ్చి కాయలు అడ్డంగా కోసి చూడండి. రెండింటిలో పురుగు కనిపిస్తే అదే పది శాతం, మందు కొట్టాల్సిన హద్దు. లింగాకర్షక బుట్టల్లో వరుసగా మూడు రాత్రులు బుట్టకు 8 రెక్కల పురుగులు పడినా అంతే. రేకులు విచ్చుకోకుండా ముడుచుకున్న గుడ్డి పూలు కనిపిస్తే తెంపి కాల్చేయాలి. ఈ దశలో థయోడికార్బ్ లీటరుకు 1.5 గ్రాములు, తర్వాతి దఫా లామ్డా సైహలోత్రిన్ 1 మిల్లీలీటరు పని చేస్తాయి. కానీ ఏ మందైనా కాయ బయట ఉన్న గుడ్డును, అప్పుడే పుట్టిన పురుగునే చంపుతుంది. లోపల దూరిన దాన్ని ఏమీ చేయలేదు. కోసిన ఇరవైలో ఐదు కాయలకు పురుగు పట్టిన చేను మీద డబ్బు పోయడం దండగ.

అన్నిటికన్నా చెడ్డ ఎంపిక ఒకటుంది. బోరు ఉంది కదా అని నవంబర్‌లో పత్తికి నీళ్లు కట్టి, యూరియా వేసి రెండో కాపు తీయబోవడం. చెట్టు మళ్లీ చిగురేస్తుంది, పూస్తుంది, ఆ పూత మొత్తం గులాబీ పురుగుకు పెట్టిన విందు. జంట గింజల్లో నిద్రపోయే పురుగు వచ్చే జూన్‌లో మీ చేలోనే, పక్కవాడి చేలోనే లేస్తుంది. నీళ్లున్నవాళ్లు ఆ నీళ్లు పల్లికి పెట్టండి, పత్తికి వద్దు. ఆకు ఎర్రబారితే మాత్రం మెగ్నీషియం సల్ఫేట్ లీటరుకు 10 గ్రాములు కలిపి వారం తేడాతో రెండుసార్లు కొడితే ఉన్న కాయ నిండుతుంది. వాన నీరు నిలిచి చెట్లు వాడుతుంటే కాపర్ ఆక్సీక్లోరైడ్ 3 గ్రాములు లీటరు నీళ్లకు కలిపి మొదళ్లు తడపాలి.

ఇక పల్లి. దీనికి అందరూ విత్తనం, ధర, కూలీల గురించే అడుగుతారు. అసలు తేల్చాల్సింది ఫిబ్రవరిలో మీ బోరు ఎన్ని నీళ్లు పోస్తుందన్నది. నవంబర్‌లో పోసేది కాదు. రెండు వందల లీటర్ల డ్రమ్ము పైపు కింద పెట్టి గడియారం చూడండి. రెండు నిమిషాల్లో నిండితే గంటకు 6,000 లీటర్లు. రోజుకు పది గంటలు నడిపితే 60,000. స్ప్రింక్లర్లతో ఒక తడికి ఎకరాకు లక్షన్నర లీటర్లు కావాలి, అంటే రెండున్నర రోజులు. పది రోజులకోసారి తడి చాలు అనుకుంటే ఈ బోరు కింద నాలుగెకరాలు పారుతుంది. అందరూ ఇక్కడే ఆగి నాలుగెకరాలకూ విత్తనం తెస్తారు.

ఫిబ్రవరికి అదే డ్రమ్ము నాలుగు నిమిషాలు తీసుకుంటుంది. మన రాతి నేలల్లో బోరు కింద నిలవుండే నీరు తక్కువ, చుట్టూ అందరూ ఒకేసారి తోడుతారు. అప్పుడు రోజుకు 30,000 లీటర్లే, ఎకరం తడవడానికి ఐదు రోజులు. ఎండ ముదిరి తడి ఎనిమిది రోజులకోసారి కావాలి. నాలుగెకరాల బోరు కాస్తా ఎకరంన్నర బోరు అవుతుంది. అది సరిగ్గా ఊడలు దిగి కాయ ఊరే సమయం. మిగతా రెండున్నర ఎకరాల్లో ఆకు నిలబడే ఉంటుంది, పీకితే తాలు కాయలు. కాబట్టి పోయిన ఫిబ్రవరిలో మీ బోరు ఎంత పోసిందో గుర్తు తెచ్చుకుని దానికే విత్తనం కొనండి. మిగిలిన పత్తిని అలాగే ఉంచేయండి. సగం పీకడం, సగం ఉంచడం చాలామందికి సరిపోయే జవాబు. ఎందుకో ఎవరూ అలా ఆలోచించరు, పీకితే మొత్తం పీకుతారు.

కాలువ కింద ఉన్నవాళ్లకు, కల్వకుర్తి ఎత్తిపోతల అయినా, జూరాల అయినా, ఏఎమ్మార్పీ (అలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) అయినా, లెక్క వేరు. మార్చి మొదటి వారం దాకా నీళ్లు వదులుతామని మాట ఉంటేనే పల్లి.

తేదీ కూడా నీళ్ల లెక్కలోదే. నవంబర్ 10న విత్తితే మార్చి మొదట్లో పీకుతారు. డిసెంబర్ మొదట్లో విత్తితే చలికి మొలక, పూత రెండూ వెనకబడి పీకేది మార్చి ఆఖరుకు, కాయ ఊరేది ఎండల్లో. నవంబర్ 15 దాటాక కట్టె పీకడం మొదలుపెట్టేవాళ్లు పల్లి జోలికి పోకపోవడమే నయం. కదిరి-6 ఈ కాలంలో 110–120 రోజులు. కదిరి లేపాక్షి ఇంకొంచెం ఎక్కువ కాలం నిలుస్తుంది, అంటే ఇంకో తడి.

పత్తి తర్వాత పల్లి పెట్టేటప్పుడు చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉంది. గులాబీ పురుగు పోవాలంటే కట్టెను ష్రెడర్‌తో ముక్కలు చేసి దున్నమంటారు. పత్తి తర్వాత నేల ఖాళీగా ఉండేట్టయితే అది సరైన సలహానే. వారంలో పల్లి విత్తేట్టయితే మాత్రం కుళ్లని ఆ ముక్కల మీదే మొదలు కుళ్లు శిలీంధ్రం పెరుగుతుంది. నెల రోజుల మొక్క మొదట్లో తెల్లటి బూజు, ఆవగింజల్లాంటి ఉండలు కనిపిస్తే అదే. కట్టెను వేళ్లతో సహా పీకి గట్టు దాటించి, ఆ తర్వాతే దున్నాలి. గింజకు టెబ్యుకొనజోల్ కిలోకు 1 గ్రాము, రసం పీల్చే పురుగులకు ఇమిడాక్లోప్రిడ్ 2 మిల్లీలీటర్లు పట్టించి నీడన ఆరబెట్టండి. పలుచని పొట్టు ఊడితే ఆ గింజ మొలవదు, మెల్లగా కలపాలి.

ఎకరాకు గింజలు 70 కిలోల దాకా, సాళ్ల మధ్య 22.5 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 10. దుక్కిలో సూపర్ ఫాస్ఫేట్ 100 కిలోలు, పొటాష్ 33, యూరియా 18. విత్తిన నెల రోజులకు ఇంకో 9 కిలోల యూరియా. విత్తిన 48 గంటల్లోపు కలుపు మందు పెండిమిథాలిన్. మొలిచాక ఇరవై రోజుల పాటు నీళ్లు కట్టకుండా బెట్టకు వదిలితే పూత ఒక్కసారిగా వస్తుంది, కాయ ఒక్కసారిగా ముదురుతుంది. పూతకు ఎకరాకు 200 కిలోల జిప్సం మొదళ్ల దగ్గర వేసి మట్టి ఎగదోయాలి. చెల్క నేలల్లో సున్నం (కాల్షియం) తక్కువ, జిప్సం మానేస్తే కాయ పెద్దగానే ఉంటుంది, లోపల పప్పు ఉండదు.

ఖర్చు విత్తనం నుంచి పీకుడు, నూర్పిడి దాకా ఎకరాకు 28,000–30,000 అనుకోండి. పది క్వింటాళ్లు పండి 6,000 ధర పలికితే 30,000 మిగులుతుంది. 2025-26 మద్దతు ధర 7,263 అయినా బాదేపల్లి, నాగర్‌కర్నూల్, వనపర్తి యార్డులకు ఫిబ్రవరి, మార్చిలో సరుకు పోటెత్తినప్పుడు ఆ ధర మీద లెక్క కట్టడం మంచిది కాదు. నీళ్లు తగ్గి ఐదు క్వింటాళ్లే పండితే పెట్టుబడి మాత్రమే తిరిగి వస్తుంది. అందుకే పది కాయల పత్తి కన్నా నీళ్లున్న పల్లి చాలా మేలు. పాతిక కాయల పత్తి కన్నా మాత్రం కాదు, ఆరు వేల తేడా కోసం ముప్ఫై వేలు పందెం కాసినట్టే. అప్పు తెచ్చి విత్తనం కొనాల్సి వస్తే అసలే కాదు.

మిగతా పంటలు? గద్వాల, అలంపూర్ వైపు నల్లరేగడి ఉండి బోరు లేనివాళ్లకు శనగ ఉంది, జేజీ-11 ఎకరాకు 25–30 కిలోలు, పదును ఆరకముందే, నవంబర్ నడుమకల్లా విత్తేయాలి. చెల్కలో శనగ పెట్టి ప్రయోజనం లేదు. మక్కకు పల్లి కన్నా నీళ్లూ యూరియా రెండూ ఎక్కువే కావాలి, కత్తెర పురుగు మీద కాపలా కాయాలి. ఉలవలకు ఇప్పటికే ఆలస్యం.

ఒక మాట మర్చిపోయేవాడిని. అచ్చంపేట, అమ్రాబాద్ వైపు అడవి అంచు చేలల్లో పందులు పత్తిని ముట్టవు, పల్లిని ఒక్క రాత్రిలో తిరగతోడతాయి. కాయ పట్టిన రోజు నుంచి పీకేదాకా నెలన్నర రాత్రి కావలి కూలి కూడా ఖర్చులో రాసుకోండి. పత్తిలో కంది సాళ్లు ఉన్నవాళ్లు పత్తి కట్టె మాత్రమే పీకి కందిని వదిలేయండి. ఇప్పుడు పూత మీద ఉన్న కందిని ట్రాక్టరు తిరగడానికి అడ్డమని నరికేస్తే, 2025-26లో క్వింటా 8,000 మద్దతు ధర ఉన్న పంటను చేజేతులా పోగొట్టుకున్నట్టే. సాళ్ల మధ్య ఎడ్ల గొర్రుతో విత్తుకోవచ్చు.