ఓర్లాండో డిస్నీ: మా ఇంటి ఆరు ఓట్లు

ఓర్లాండో నుంచి అట్లాంటాకి తిరిగొస్తూ వాల్డోస్టా దగ్గర గ్యాస్ కోసం ఆగినప్పుడు మా అబ్బాయి నోట్‌బుక్ తీశాడు. "అందరూ తలా మూడు పేర్లు చెప్పండి. మొదటిదానికి మూడు మార్కులు, రెండోదానికి రెండు, మూడోదానికి ఒకటి" అన్నాడు. వాడికి తొమ్మిదేళ్లు, పాపకి నాలుగు. మేమిద్దరం, అమ్మా, నాన్నా. మొత్తం ఆరు ఓట్లు. వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో ఏది బాగుందని నన్ను అడిగే స్నేహితులందరికీ ఆ నోట్‌బుక్కే జవాబు. చివర్లో నా గొడవ ఒకటి ఉంది, అదీ చెప్తాను.

వెళ్లింది 2024 సెప్టెంబరు రెండో వారంలో. లేబర్ డే దాటాక అక్కడ జనం పలచబడతారు. పిల్లాడికి మూడు రోజులు బడి పోయింది, ఎండ మాత్రం మన మే నెలని గుర్తు చేసింది. రోజూ మధ్యాహ్నం మూడింటికల్లా మబ్బు పట్టి ఓ గంట కుమ్మేసేది. డిస్నీకి అక్కడ నాలుగు పార్కులు ఉన్నాయి: 1971లో తెరిచిన మ్యాజిక్ కింగ్‌డమ్, 1982 నాటి ఎప్కాట్, 1989 నాటి హాలీవుడ్ స్టూడియోస్, 1998లో వచ్చిన యానిమల్ కింగ్‌డమ్. హాలీవుడ్ స్టూడియోస్‌ని వదిలేశాం. అక్కడి పేరున్న రైడ్లలో చాలావాటికి కనీసం 40 అంగుళాల ఎత్తుండాలి, మా పాప 39. నాన్నకి బీపీ, అమ్మకి మోకాళ్లు. సగంమంది బయట బెంచీ మీద కూర్చునే చోట ఒక రోజు టికెట్టు పెట్టడం నాకు మనసొప్పలేదు.

ముందు బస సంగతి. మొదటి రెండు రాత్రులు కిస్సిమ్మీ వైపు ఒక అద్దె ఇల్లు తీసుకున్నాం. వంటగది ఉంటే అమ్మకి హాయి అని నా ఆలోచన. వంటగది బాగానే ఉంది కానీ మొదటి రాత్రే పై అంతస్తులో ఏసీ ఆగిపోయింది. ఇంటాయనకి మెసేజ్ పెడితే మర్నాడు మధ్యాహ్నానికి గానీ పలకలేదు. అందరం కింద హాల్లో దుప్పట్లు పరుచుకుని పడుకున్నాం. అయినా పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి నేను వంటగదే చెప్తాను. ఎందుకంటే డిస్నీ పార్కుల్లోకి బయటి తిండి రానిస్తారు, గాజు సీసాలూ మద్యం తప్ప. అమ్మ పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాల్లో సర్దేది. లోపల ఏ ఫాస్ట్‌ఫుడ్ కౌంటర్ దగ్గర అడిగినా ఐసు వేసిన మంచినీళ్లు ఊరికే ఇస్తారు. నీళ్ల సీసాలు కొనక్కర్లేదు.

తర్వాతి రెండు రాత్రులూ యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ అనే డిస్నీ హోటల్, అందులో కిడానీ విలేజ్ అనే భాగంలో. ఒక స్టూడియోలో నలుగురికే అనుమతి కాబట్టి రెండు గదులు తీసుకోవాల్సి వచ్చింది. జంతువులు తిరిగే సవానా మైదానం వైపు చూసే గదులకి ధర బాగా ఎక్కువ. అందుకని అమ్మానాన్నలకి అదీ, మాకు మామూలు వైపుదీ తీసుకున్నాం. ఈ ఉపాయం మాత్రం రాసి పెట్టుకోండి. తెల్లారేసరికి అందరం వాళ్ల బాల్కనీలోనే ఉన్నాం. కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడిన అమ్మకి అల్లంత దూరాన జిరాఫీ ఆకులు లాక్కుని తింటూ కనిపించింది. అమ్మ ఏమీ మాట్లాడలేదు, కాఫీ చల్లారిపోయింది. ఆ లాడ్జ్‌లో సనా అనే రెస్టారెంటు ఉంది, ఆఫ్రికా వంటా భారతీయ వంటా కలిపి చేస్తారు. బ్రెడ్ సర్వీస్ అంటే రకరకాల నాన్‌లూ, వాటితో తొమ్మిది రకాల చట్నీలూ పచ్చళ్లూ. శాకాహారులు దానితోనే కడుపు నింపుకోవచ్చు. మూడు రోజుల తర్వాత నాలుకకి కారం తగిలిందని నాన్న సంబరపడ్డారు.

ఇక రైడ్లు. అబ్బాయి లెక్క ప్రకారం మొదటి స్థానం కిలిమంజారో సఫారీది, 11 మార్కులు. పాపా అమ్మా తమ మూడేసి మార్కులూ దానికే ఇచ్చారు. యానిమల్ కింగ్‌డమ్‌లో 110 ఎకరాల్లో ఉంది ఇది. పక్కలు తెరిచిన పెద్ద ట్రక్కులో ఎక్కించి ఇరవై నిమిషాలు తిప్పుతారు. ఎత్తు నిబంధన లేదు, ఆరుగురమూ ఒకే ట్రక్కులో ఎక్కాం. దారి గతుకులు, నడుము నొప్పి ఉన్నవాళ్లు గట్టిగా పట్టుకుని కూర్చోవాలి. ఖడ్గమృగం, ఏనుగులు, గుట్ట మీద సింహం, అన్నీ కనిపించాయి. కానీ నాన్న ముందుకి వంగి చూసింది ఆవుల మందని! ఆఫ్రికా అంకోలే పశువులవి. ఒక్కో కొమ్ము మనిషి చేయంత పొడుగు, మొదట్లో తొడంత లావు. "మూపురం చూడమ్మా, మన ఒంగోలు గిత్తకున్నంత లేదు. కొమ్ములు మాత్రం దేవుడు దీనికే ఇచ్చాడు" అన్నారు. అక్కణ్నుంచి ఒంగోలు జాతి బ్రెజిల్ వెళ్లి నెలోర్ అన్న పేరుతో ఎలా పెరిగిందో, అమెరికా బ్రాహ్మన్ పశువుల్లో కూడా ఆ రక్తం ఎలా కలిసిందో మనవడికి చెప్పుకొచ్చారు. ట్రక్కు తోలే అమ్మాయి మైకులో జంతువుల గురించి చెప్తూంటే వెనక వరసలో తెలుగులో ఇంకో పాఠం నడుస్తోంది. ఈ సఫారీకి పొద్దున్నే వెళ్లండి, చల్లగా ఉన్నప్పుడు జంతువులు తిరుగుతుంటాయి.

దాని తర్వాత మహారాజా జంగిల్ ట్రెక్ దారి పట్టాం. రైడ్ కాదు, నడక. ఆసియా భాగంలో ఆనందపురం అని ఒక ఊరు కల్పించారు. పాడుబడిన రాజుగారి కోట, గోడల మీద వేట బొమ్మలు, ఆ శిథిలాల మధ్య పులులు. పులుల్ని దాటాక గడ్డిలో కృష్ణజింకలు కనిపించాయి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువుని ఫ్లోరిడాలో చూస్తామని ఎవరూ అనుకోలేదు. నాన్న తన మూడో ఓటు దీనికే వేశారు. లైను ఉండదు, నీడ ఉంటుంది, మీ ఇష్టమొచ్చినంతసేపు నిలబడొచ్చు.

మూడో స్థానంలో ఫ్లైట్ ఆఫ్ ప్యాసేజ్, ఆరు మార్కులు. 2017లో తెరిచిన, అవతార్ సినిమా లోకాన్ని చూపించే పండోరా భాగంలో ఉంది, 44 అంగుళాలు ఉండాలి. లైను బాగా పొడుగు. డిస్నీ హోటల్లో దిగినవాళ్లని పార్కు తెరవడానికి అరగంట ముందే లోపలికి వదులుతారు, మేం ఆ అరగంటని దీనికే వాడాం. మోటార్ సైకిలు లాంటి దాని మీద ముందుకి వంగి కూర్చుంటే వెనకనుంచి ఒక పట్టీ వచ్చి నడుముని అదిమి పడుతుంది. ముందు పెద్ద తెర, కళ్లకి అద్దాలు. ఒక్కసారిగా కొండ అంచు నుంచి కిందికి దూకుతాం. నీటి తుంపర, అడవి వాసన, కాళ్లకి ఆనుకుని మనం ఎక్కిన, ఆ సినిమాలోని ఎగిరే జీవి ఊపిరి పీలుస్తున్నట్టు కదలిక. దిగాక మావారు కాసేపు మాట్లాడకుండా నడిచారు, మూడు మార్కులూ దీనికే ఇచ్చారు. అమ్మానాన్నలు పాప దగ్గర ఉన్నారు కాబట్టి మేం ముగ్గురం కలిసి ఎక్కగలిగాం. అలా తోడు లేనివాళ్లు రైడర్ స్విచ్ అడగండి. ఒకరు రైడ్ ఎక్కొచ్చేదాకా ఇంకొకరు బిడ్డతో ఉంటే, రెండో మనిషికి మళ్లీ మొత్తం లైను నిలబడే పని ఉండదు. దానికి విడిగా డబ్బు కట్టక్కర్లేదు.

అదే పార్కులోని ఎక్స్‌పెడిషన్ ఎవరెస్ట్ అనే రోలర్ కోస్టర్ మా అబ్బాయి గుండెకాయ. 2006లో కట్టిన ఈ కొండ ఎత్తు 200 అడుగులకి కాస్త తక్కువ. అంతకు మించితే విమానాల కోసం పైన ఎర్రదీపం పెట్టాలట, హిమాలయం మీద దీపం వెలిగితే ఏం బాగుంటుంది. బండి పైకెళ్లాక పట్టాలు తెగిపోయి ఉంటాయి, అక్కణ్నుంచి చీకట్లో వెనక్కి జారుతుంది. వాడు మూడుసార్లు ఎక్కాడు. నాకు ఒక్కసారి చాలు. కానీ లైను నడిచే దారి మాత్రం చూసి తీరాలి: జెండాల తోరణాలు, గంటలు, చిన్న గుడి, మంచుమనిషి కథలతో ఒక మ్యూజియం. అమ్మ రైడ్ ఎక్కకపోయినా ఆ గుడి బయట చాలాసేపు నిలబడింది.

మ్యాజిక్ కింగ్‌డమ్ గురించి ఎక్కువ రాయను, అందరూ రాసేదే. కారు దిగాక పార్కుకి మోనోరైలు మీదా వెళ్లొచ్చు, లాంచీ మీదా వెళ్లొచ్చు. లాంచీ ఎక్కండి, నీటి మీదుగా కోట దగ్గరయ్యే కొద్దీ పిల్లల మొహాలు చూడాలి. పాపకి ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్ బొమ్మలు నచ్చాయి. 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన కోసం తయారుచేసిన రైడ్‌కి ఇక్కడి రూపం ఇది. సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రెయిన్‌కి 38 అంగుళాలు చాలు, పాప జీవితంలో మొదటి రోలర్ కోస్టర్ అదే. అమ్మ మాత్రం టుమారోలాండ్‌లో పీపుల్ మూవర్‌కి రెండు మార్కులు వేసింది. 1975 నాటిది, నెమ్మదిగా పది నిమిషాలు మేడ మీదనుంచి తిప్పుతుంది. ఎండ తగలదు, గాలి తగులుతుంది. మధ్యలో స్పేస్ మౌంటెన్ అనే రోలర్ కోస్టర్ లోపలి చీకట్లోంచి వెళ్తే అక్కడివాళ్ల కేకలు వినిపిస్తాయి. మోకాళ్లు నొప్పెట్టినప్పుడల్లా అమ్మ దీనికే వచ్చింది, ఆ రోజు నాలుగుసార్లు. ఎక్కే చోట కదిలే వాలు మీద నడవాలి, అక్కడ చెయ్యి పట్టుకోండి.

నా మూడు మార్కులు ఎప్కాట్‌లోని లివింగ్ విత్ ద ల్యాండ్‌కి. అబ్బాయి లెక్కలో దానికి వచ్చింది ఎనిమిది, రెండో స్థానం. నా గొడవ ఇదే. నేను దాన్నే మొదట పెడతాను.

ల్యాండ్ అనే భవనంలో రెండు రైడ్లు ఉన్నాయి. పేరున్నది సోరిన్, మేం వెళ్లినప్పుడు గాల్లో వేలాడదీసి ప్రపంచమంతా చూపించింది, తాజ్‌మహల్ దగ్గర పూల వాసన కూడా వచ్చింది. దానికి 40 అంగుళాలు. ఒక్క అంగుళం తక్కువైందని పాప ఏడుపు మొదలెట్టింది. "మీరు వెళ్లండమ్మా, నేను చూసుకుంటా" అని నాన్న దాన్ని ఎత్తుకుని పక్కనున్న పడవ లైనులోకి వెళ్లారు. మేం సోరిన్ దిగి వచ్చేసరికి ఆయన గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నారు. "ఏం చూశార్రా మీరు? పదండి, పదండి" అని అందర్నీ తోలుకెళ్లారు.

పద్నాలుగు పదిహేను నిమిషాల పడవ. మొదట అడవీ ఎడారీ బొమ్మలు. తర్వాత పడవ నిజం గ్రీన్‌హౌసుల్లోకి వెళ్తుంది. అరటి, బొప్పాయి, పనస. నాన్నది కొల్లిపర దగ్గర లంక పొలం. అరటీ పసుపూ కందా వేసిన మనిషి. వేళ్లు మట్టిలో కాకుండా గాల్లో వేలాడుతుంటే, వాటి మీద పోషకాల నీళ్లు తుంపరగా చల్లే మొక్కల్ని చూపించి, "మట్టి లేదు, చూశావా? మరి దానికి తిండెట్లా?" అని మనవడిని అడిగారు. వాడు పైపులు చూసి చెప్పాడు. వంగ చెట్టుని పందిరికెక్కించారు, కాయలు తల మీదకి వేలాడుతున్నాయి. టమాటాని కూడా అలాగే. "ఇది మన పందిరే. సొరకీ బీరకీ వేస్తాం, వంగకి వెయ్యాలని మనకి తట్టలేదు" అన్నారు. పుచ్చకాయంత నిమ్మకాయని చూసి, తెనాలి నిమ్మ యార్డుకి ఇది వెళ్తే ఎవరు కొంటారా అని అమ్మా ఆయనా చర్చ పెట్టుకున్నారు. చేపల తొట్లు దాటుతుంటే మా మావయ్యల చెరువుల మాట వచ్చింది. ఇక్కడ పండిన కూరగాయలు ఇక్కడి రెస్టారెంట్లకే వెళ్తాయని స్పీకర్లో చెప్తే నాన్నకి అది అన్నిటికన్నా నచ్చింది. రవాణా ఖర్చు లేదు, దళారీ లేదు.

అమెరికా వచ్చిన దగ్గర్నుంచీ మెనూ చదవడం దగ్గర్నుంచి బస్సు ఎక్కడం దాకా అన్నీ మేం చెప్తుంటే వింటున్న మనిషి. ఆ పడవలో మాత్రం ఆయన చెప్తుంటే మేమంతా విన్నాం. ముందు వరసలో ఒక అమెరికన్ ముసలాయన వెనక్కి తిరిగి, ఆయన ఏమంటున్నారని నన్ను అడిగాడు. చెప్పాను. ఆయన కూడా మొక్కజొన్న రైతట, దిగేదాకా నన్ను మధ్యలో పెట్టుకుని ఇద్దరూ మాట్లాడుకున్నారు. ఆ రోజు మూడుసార్లు ఎక్కాం, ఒక్కసారి కూడా పావుగంట మించి నిలబడలేదు.

డబ్బు కట్టి చిన్న లైనులో వెళ్లే లైట్నింగ్ లేన్‌కి డబ్బు పెట్టాలా అని అడుగుతారు. సెప్టెంబరులో మేం కొనలేదు, అవసరమూ పడలేదు. సెలవుల్లో వెళ్లేవాళ్లు మ్యాజిక్ కింగ్‌డమ్‌కి కొనుక్కోండి. డిస్నీ హోటల్లో దిగినవాళ్లు ఏడు రోజుల ముందు నుంచీ, మిగతావాళ్లు మూడు రోజుల ముందు నుంచీ సమయాలు ఎంచుకోవచ్చు. ఫ్లైట్ ఆఫ్ ప్యాసేజ్‌కి అది వేరుగా కొనాలి. పదేళ్లు నిండితే పెద్దవాళ్ల టికెట్టే, కాబట్టి తొమ్మిదేళ్ల పిల్లలున్నవాళ్లు వచ్చే ఏడాదికి వాయిదా వెయ్యకండి.

అదే భవనంలో బిహైండ్ ద సీడ్స్ అని డబ్బు కట్టి వెళ్లే టూరు ఒకటి ఉంది. పడవలోంచి కాకుండా నడిచి, ఆ గ్రీన్‌హౌసుల మధ్యకే తీసుకెళ్లి చూపిస్తారట. మాకు తెలిసేసరికి మా ఎప్కాట్ రోజు అయిపోయింది. ఈసారి అమ్మానాన్నలు వచ్చినప్పుడు మొదటి బుకింగ్ అదే. కొల్లిపరలో నాన్న జేబు డైరీలో ప్రశ్నలు ఇప్పటికే రాసి పెట్టుకున్నారు. మొన్న ఫోన్లో చదివి వినిపించారు, మొత్తం పదకొండు. మొదటిది, బొప్పాయికి వైరస్ తెగులు వస్తే మీరేం చేస్తారు.