ఓపెన్‌బీఎస్‌డీలో వైఫై: మూడు లైన్ల ఫైల్, కొన్నేళ్ల వాడకం

థింక్‌ప్యాడ్ టీ480 ల్యాప్‌టాప్, అందులో ఇంటెల్ 8265 వైఫై కార్డు, దానిమీద ఓపెన్‌బీఎస్‌డీ (యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్). ఆరు నెలలకోసారి వచ్చే వెర్షన్లు ఎక్కించుకుంటూ 7.6 దాకా రోజూ వాడాక తేలిందేమిటంటే, ఇందులో వైఫై కుదర్చడం తేలిక, కుదరనప్పుడు ఎక్కడ ఆగిందో కనిపెట్టడం ఇంకా తేలిక. లినక్స్‌లోలా నెట్‌వర్క్‌మేనేజర్, దాని కింద ఇంకో సప్లికెంట్ (వైఫైలో లాగిన్ పని చూసే ప్రోగ్రామ్) అంటూ అంతస్తులు లేవు. ఇంటి వైఫైకి కావలసిన డబ్ల్యూపీఏ2 (వైఫై భద్రతా పద్ధతి) కెర్నల్‌లోనే, అంటే సిస్టమ్ మూల భాగంలోనే ఉంది, ఐఎఫ్‌కాన్ఫిగ్ అనే కమాండ్ ఒక్కటే అన్నీ చూసుకుంటుంది.

మొదటి చిక్కు ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే ప్రోగ్రామ్). డ్రైవర్ (ఐడబ్ల్యూఎం) సిస్టమ్‌తోనే వస్తుంది, కానీ కార్డులోకి ఎక్కాల్సిన ఇంటెల్ ఫర్మ్‌వేర్ లైసెన్సు కారణంగా విడిగా ఉంటుంది. అది దించుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే అది కావాలి. డీమెసేజ్‌లో (కెర్నల్ సందేశాలు చూపే కమాండ్) 'ఫర్మ్‌వేర్ చదవలేకపోయాను, ఎర్రర్ 2' అన్న లైన్ కనిపిస్తే కార్డు పాడైందని కంగారు పడొద్దు, ఫైల్ లేదని మాత్రమే అర్థం. ఈథర్నెట్ కేబుల్ ఉంటే పని అయిపోయినట్టే. లేకపోతే ఆండ్రాయిడ్ ఫోన్‌ని యూఎస్‌బీ టెథరింగ్‌లో పెడితే చాలా ఫోన్లు యూఆర్ఎన్‌డీఐఎస్0 అనే నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌గా కనబడతాయి. దానికి 'ఐనెట్ ఆటోకాన్ఫ్' (అడ్రస్ దానంతటదే తెచ్చుకోమని) ఇచ్చి, ఫర్మ్‌వేర్ దించే ఎఫ్‌డబ్ల్యూ అండర్‌స్కోర్ అప్‌డేట్ కమాండ్ కొడితే చాలు. పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకునేవాళ్లు మీ వెర్షన్ ఫోల్డర్ నుంచే ప్యాకేజీ తీసుకోండి, పక్కనే ఉండే ఎస్‌హెచ్‌ఏ256 సంతకం ఫైల్ మరిచిపోతే ఆ కమాండ్ ఒప్పుకోదు.

తర్వాత ఈటీసీ ఫోల్డర్‌లో 'హోస్ట్‌నేమ్ చుక్క ఐడబ్ల్యూఎం0' అనే ఫైల్ (ఐడబ్ల్యూఎం0 అంటే మన వైఫై కార్డే). 'జాయిన్', నెట్‌వర్క్ పేరు, 'డబ్ల్యూపీఏకీ', పాస్‌వర్డ్: ఇదంతా ఒకే లైన్. ఆఫీసుకి ఇలాంటిదే ఇంకో లైన్. చివర 'ఐనెట్ ఆటోకాన్ఫ్'. ఫైల్ పర్మిషన్ 640 (బయటివాళ్లు చదవకుండా). నెట్‌స్టార్ట్ స్క్రిప్ట్‌ని ఐడబ్ల్యూఎం0 పేరుతో నడిపిస్తే, రీబూట్ లేకుండానే నెట్ వస్తుంది. పై లైన్‌కే ప్రాధాన్యం అనుకోవద్దు. ఏ నెట్‌వర్క్ అనేది ఎన్‌క్రిప్షన్, 5 గిగాహెర్ట్జ్, సిగ్నల్ చూసి సిస్టమే ఎంచుకుంటుంది. పాస్‌వర్డ్‌లో డాలర్ గుర్తు ఉంటే ఒంటి కోట్లలో పెట్టండి. జంట కోట్లలో పెడితే షెల్ దాన్ని వేరియబుల్ అనుకుని మింగేస్తుంది.

రౌటర్‌కి తెలుగులో పేరు పెట్టుకున్నవాళ్లకి ఒక ముచ్చట. పేరుకి 32 బైట్ల పరిమితి, తెలుగులో ఒక్కో కోడ్‌కి 3 బైట్లు. 'ఇల్లు' చూడ్డానికి రెండక్షరాలే, కానీ ఇ, ల, పొల్లు, ల, కొమ్ము కలిపి 15 బైట్లు. స్కాన్ చేస్తే అది తెలుగులో రాదు, సున్నా ఎక్స్‌తో మొదలయ్యే 30 హెక్స్ అంకెలుగా వస్తుంది. జాయిన్ లైన్‌లో ఆ అంకెలే కాపీ చేస్తే చక్కగా కలుస్తుంది.

కలవనప్పుడు ఐఎఫ్‌కాన్ఫిగ్‌లో స్టేటస్ చూడండి. 'నో నెట్‌వర్క్' అంటే ఇంకా రౌటర్ దగ్గరే ఆగింది. 'యాక్టివ్' అని ఉండి అడ్రస్ లేకపోతే తగువు డీహెచ్‌సీపీతో (అడ్రస్ పంచే పద్ధతి). మొదటి రకానికి 'డీబగ్' ఆన్ చేసి డీమెసేజ్ చదవండి: హ్యాండ్‌షేక్‌లో (రౌటర్‌తో జరిగే నాలుగు సందేశాల మార్పిడి) 1/4 వచ్చి, 2/4 పంపి, మళ్లీ 1/4కే వస్తుంటే దాదాపు ఎప్పుడూ తప్పు పాస్‌వర్డే. రౌటర్‌ని డబ్ల్యూపీఏ3కి మాత్రమే పరిమితం చేసినా కలవదు. 2, 3 కలిపిన మోడ్‌లో పెట్టాలి.

బాగా నచ్చింది ట్రంక్ (రెండు కనెక్షన్లని ఒకటిగా కట్టే సదుపాయం). ఈఎం0 (కేబుల్), ఐడబ్ల్యూఎం0 రెండింటినీ ట్రంక్0 కింద 'ఫెయిలోవర్'లో (ఒకటి పోతే ఇంకోటి అందుకునే పద్ధతి) కడితే, కేబుల్ పీకేసినా ఎస్ఎస్‌హెచ్ (రిమోట్ లాగిన్) సెషన్ తెగదు. రెండూ ఒకే లాన్‌లో ఉండాలి. 'ఐనెట్ ఆటోకాన్ఫ్' ట్రంక్ ఫైల్‌లోనే ఉంచి ఆ రెండింట్లోంచి తీసేయాలి, ఈఎం0 ఫైల్‌లో 'అప్' ఒక్కటి చాలు. వైఫైకి కూడా ఈఎం0 మ్యాక్ (హార్డ్‌వేర్) అడ్రసే వస్తుంది కాబట్టి రౌటర్‌లో మ్యాక్ ఫిల్టర్ ఉంటే దాన్నే చేర్చాలి.

లోటుపాట్లు: 11ఏసీ వైఫై ప్రమాణపు వేగం 2022లో 7.1తోనే వచ్చింది, అంతకు ముందు పాత 11ఎన్‌తో సర్దుకోవాల్సిందే. ఆఫీసు, కాలేజీల్లో యూజర్‌నేమ్ అడిగే ఎంటర్‌ప్రైజ్ వైఫైకి సప్లికెంట్ ప్యాకేజీ విడిగా వేసుకోవాలి. బ్లూటూత్ 2014లోనే తీసేశారు. అదే కార్డులో బ్లూటూత్ ఉన్నా అది ఊరికే కూర్చుంటుంది, హెడ్‌ఫోన్లకి వైరే గతి.